గుండె పరికరాన్ని కొన్న ఉత్సాహం తగ్గాక కూడా వాడుతూ ఉండడం ఎలా?

గుండె జబ్బు బయటపడిన మొదటి పదిహేను రోజులు ఇంట్లో బీపీ మిషన్‌కు గానీ, ఈసీజీ తీసే వాచీకి గానీ తీరిక ఉండదు. మూడో నెల వచ్చేసరికి అది టీవీ పక్కనున్న అల్మరాలోకి చేరుతుంది. దీన్ని రోగి బద్ధకంగా తీసిపారేయడం సరికాదు. 2010లో అమెరికాలో వెలువడిన టెలీ-హెచ్‌ఎఫ్ అధ్యయనంలో గుండె వైఫల్యం (ఒంటికి చాలినంత రక్తాన్ని గుండె పంపలేని జబ్బు) ఉన్న 1,653 మంది పాల్గొన్నారు. వారిలో సగం మంది రోజూ ఒక నంబరుకు ఫోన్ చేసి, యంత్రం అడిగే ప్రశ్నలకు జవాబుగా తమ బరువు, ఆయాసం వంటి వివరాలు తెలపాలి. ఆరు నెలల గడువులోని చివరి వారం నాటికి, వారానికి మూడుసార్లైనా ఫోన్ చేస్తున్నవారు 55 శాతమే మిగిలారు. ఆసుపత్రి చేరికలు గానీ మరణాలు గానీ తగ్గలేదు.

2018లో జర్మనీ నుంచి వచ్చిన టిమ్-హెచ్‌ఎఫ్2 అధ్యయనంలో ఇందుకు భిన్నంగా జరిగింది. అక్కడ రోగులు బరువు, రక్తపోటు, ఈసీజీ రోజూ పంపగా, రాత్రింబవళ్లు పనిచేసే వైద్య కేంద్రం వాటిని చూసి స్పందించింది. ఆ రోగుల్లో 97 శాతం మంది, రోజూ పంపాల్సిన వివరాల్లో కనీసం పదింట ఏడు వంతులు పంపారు, మరణాలూ తగ్గాయి. ఈ రెండు అధ్యయనాల్లో రోగుల ఎంపిక, పరికరాలు, కాలం అన్నీ వేరన్నది నిజమే. మొదటిదానిలోనూ సిబ్బంది పనిదినాల్లో వివరాలు చూసేవారు, కానీ రోగికి వినిపించింది మాత్రం యంత్రపు గొంతే. అవతల ఒక మనిషి ఉన్నాడన్న నమ్మకమే పరికరాన్ని అల్మరాలోకి పోనివ్వదని నా అభిప్రాయం. కింది పద్ధతి అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మొదటి పని: ఏది కొలవాలో డాక్టరు చేత చెప్పించుకోవడం

గుండె వైఫల్యం ఉన్నవారికి ఖరీదైన వాచీ కన్నా బరువు తూచే మామూలు మిషనే ఎక్కువ ఉపయోగపడవచ్చు. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి బరువు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని అనుమానించి వెంటనే డాక్టరుకు తెలపాలి. అధిక రక్తపోటు ఉన్నవారికి మణికట్టుకు పెట్టేది కాక, దండచేతికి సరిపడే పట్టీ ఉన్న మిషన్ కావాలి. అప్పుడప్పుడు గుండె లయ తప్పేవారికి ముప్పై సెకన్ల ఈసీజీ తీసే వాచీ లేదా వేళ్లు ఆనించి ఈసీజీ తీసుకునే చిన్న పలక పనికొస్తుంది.

ఎన్నాళ్లు, ఎన్నిసార్లు అన్నది కూడా అప్పుడే అడగాలి. రక్తపోటు అదుపులో ఉన్నవారు జీవితాంతం పూటపూటా కొలుచుకోనక్కర్లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు వారం రోజులు ఉదయం, సాయంత్రం రెండేసి సార్లు కొలిచి, మిగతా కాలంలో వారానికి ఒకటి రెండుసార్లు చూసుకుంటే చాలామందికి సరిపోతుంది. తక్కువ పనిని ఒప్పుకున్నవారే దాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టుకోగలరు.

రెండో పని: చదివే మనిషిని కుదుర్చుకోవడం

అమెరికాలో ఉన్న కొడుకో కూతురో వాచీ కొనిపెట్టి, యాప్‌ను తమ ఫోన్‌కు కలుపుకొని నిశ్చింతగా ఉండడం మన ఇళ్లలో మామూలైపోయింది. వారు రోజూ చూస్తున్నారని ఇక్కడి తల్లిదండ్రులు అనుకుంటారు, ఏదైనా ఉంటే అమ్మే చెబుతుందని అక్కడి పిల్లలు అనుకుంటారు. అందువల్ల ఎవరు, ఏ రోజున చూస్తారో, ఏ అంకె దాటితే ఎవరికి ఫోన్ చేస్తారో ముందే మాట్లాడుకుని ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాలి. వాట్సాప్‌లో పంపిన ఈసీజీని డాక్టరు చూస్తారా లేదా అన్నది మొహమాటం లేకుండా అడగాలి. చూడరంటే ఆసుపత్రిలో ఎవరు చూస్తారో తెలుసుకోవాలి.

మూడో పని: ఉన్న అలవాటుకే ముడిపెట్టడం

కొత్తగా ఒక సమయం కేటాయించుకోవడం కన్నా, ఎలాగూ తప్పని పనికి కొలతను జతచేయడం సులువు. ఉదయం మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందు, రోజూ ఒకే తరహా బట్టలతో బరువు చూసుకోవాలి. ఆ తర్వాత కాఫీకి, మాత్రలకు ముందే రక్తపోటు చూసుకోవాలి. వీపు ఆనించి, పాదాలు నేలకు తాకించి, చేతిని గుండె ఎత్తులో బల్ల మీద ఉంచి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాకే మీట నొక్కాలి. నిమిషం ఆగి రెండోసారి కొలవాలి. మిషన్‌ను ఆ బల్ల మీదే ఉంచాలి, డబ్బాలో సర్దిన రోజే సగం మానేసినట్టు.

నాలుగో పని: హెచ్చరికలను అదుపులో పెట్టడం

అడుగుల లెక్క, నిద్ర మార్కులు అంటూ వాచీ రోజంతా మోగుతుంటే అసలైన హెచ్చరిక కూడా ఆ మోతలో కలిసిపోతుంది. గుండెకు సంబంధించినవి ఉంచి మిగతావన్నీ ఆపేయాలి. 2019లో ఫలితాలు ప్రచురించిన యాపిల్ హార్ట్ స్టడీలో 4,19,297 మంది చేరగా, లయ తప్పిందన్న హెచ్చరిక 2,161 మందికి వచ్చింది. వారిలో, నిర్ధారణ కోసం ఒంటికి అంటించుకునే ఈసీజీ పట్టీని వాడి, పరీక్షించడానికి వీలుగా తిరిగి పంపినవారు 450 మందే. ఆ 450 మందిలో 34 శాతం మందికి పట్టీలో కర్ణికా ప్రకంపనం (గుండె పై గదులు లయ తప్పి అదిరే జబ్బు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్) కనిపించింది. కనిపించనివారికి జబ్బు లేదని కూడా చెప్పలేం, ఎందుకంటే అది వచ్చిపోయే జబ్బు. కాబట్టి హెచ్చరిక వస్తే బెంబేలెత్తనూ వద్దు, చెరిపేయనూ వద్దు. కూర్చుని, ఛార్జింగ్ తీసేసి, చేతులు కదపకుండా ఈసీజీ తీసి, అప్పుడు దడ, కళ్లు తిరగడం వంటివి ఉన్నాయో లేదో రాసి, డాక్టరుకు చూపించాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గుండెపోటును వాచీ పసిగట్టలేదు. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే ఈసీజీ తీస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.

విరామం వస్తే

పెళ్లిళ్లు, ప్రయాణాలు, జ్వరాల వల్ల కొన్ని రోజులు తప్పడం సహజం. తప్పిన రోజుల అంకెలను ఊహించి నింపకుండా, ఖాళీ గళ్లను అలాగే వదిలి మరుసటి ఉదయం మొదలుపెట్టాలి. అంకెలు బాగున్నాయని రక్తం పలుచబడే మాత్రలను గానీ, బీపీ మాత్రలను గానీ సొంతంగా మానరాదు. ఆ మాత్రల వల్లే అవి బాగుండి ఉండవచ్చు. మూడు నెలలకోసారి డాక్టరును, ఈ అంకెల వల్ల చికిత్సలో ఏం మారిందని అడగాలి. ఏమీ మారలేదంటే కొలతలు తగ్గించవచ్చేమో కనుక్కోవాలి. ఆయన పూర్తిగా ఆపమంటే ఆ తేదీని పుస్తకంలో రాసుకొని, బ్యాటరీలు తీసి మిషన్‌ను దాచాలి.