సైఫై, ఫాంటసీ చిన్నకథ రాసి పత్రికకు పంపడం ఎలా?

కావలసినవి రెండే: ఒక వర్డ్ ప్రాసెసర్, ఒక స్ప్రెడ్‌షీట్. కథలు రాయడానికంటూ అమ్మే ప్రత్యేక సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లొద్దు.

1. ఒకే ఒక్క అసాధ్యం

చిన్నకథలో ఒక్క అసాధ్యానికే చోటుంటుంది. కాలయానం, దెయ్యాలు, గ్రహాంతరవాసులు ముగ్గురూ కలిసి వస్తే ఎవరికీ న్యాయం జరగదు. మీ లోకపు నియమం ఒక వాక్యంలో, దాని హద్దు మరో వాక్యంలో రాసుకోండి. ఉదాహరణకు: చనిపోయినవాళ్ల గొంతు ఆ ఇంట్లో ఏడాదిపాటు వినిపిస్తుంది. బతికుండగా అన్న మాటలే తప్ప కొత్త మాట ఒక్కటీ రాదు. కథ పుట్టేది ఆ రెండో వాక్యంలోంచే. హద్దు లేకపోతే, చిక్కు వచ్చినప్పుడల్లా మాయే వచ్చి గట్టెక్కిస్తుంది. అప్పుడు పాఠకుడికి బెంగపడే పనే ఉండదు.

2. చిత్తుప్రతి

ఆగకుండా చివరిదాకా రాసేయండి. సైఫై, ఫాంటసీ రచనలకు అమెరికాలో ఇచ్చే నెబ్యులా పురస్కారాల లెక్కలో 7,500 పదాల లోపుది చిన్నకథ. అయినా కొత్తవాళ్లు 4,000 దాటకూడదు.

3. మొదటి పేజీ

ఎక్కువ కథలు దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి. కొత్త లోకాన్ని పరిచయం చేయాలన్న ఆత్రంలో చాలామంది ఇలా మొదలుపెడతారు: "2140 నాటికి మానవాళి మరణానంతర ధ్వనిని భద్రపరచడం నేర్చుకుంది." ఇది పాఠ్యపుస్తకంలో వాక్యం. ఇందులో మనిషి లేడు, ఆమెకో అతనికో కావలసిందీ లేదు.

అదే విషయాన్ని ఇలా చూడండి:

"తలుపు గడియ పెట్టుకో," అంది అమ్మ గొంతు. సుజాత లేచి గడియ పెట్టింది. ఇంకా ఇరవై రోజులే ఉంది.

నియమం ఎక్కడా చెప్పలేదు. అమ్మ గొంతు మాత్రమే ఉంది, కూతురు దానికి అలవాటుపడింది, గడువు దగ్గరపడుతోంది. మూడు వాక్యాల్లో ఇన్ని తెలిశాయి. మిగతాది తెలుసుకోవడానికి పాఠకుడు తనంతట తానే పేజీ తిప్పుతాడు.

ఇంకో తప్పు, ఇద్దరికీ తెలిసిన సంగతిని వాళ్లచేతే ఒకరికొకరు చెప్పించడం. "అన్నయ్యా, నీకు తెలుసు కదా, ఈ గొంతులు ఏడాదే ఉంటాయని!" అని ఏ చెల్లెలూ అనదు. మరీ అవసరమైతే కథకుడే ఒక్క వాక్యంలో సూటిగా చెప్పడం మేలు. అలాగని అంతా దాచిపెట్టడమూ పొరపాటే. రెండో పేజీ చివరికొచ్చినా నియమం అందకపోతే అది ఉత్కంఠ కాదు, అయోమయం. కొత్తగా కల్పించిన పేర్లు మొదటి పేజీలో రెండుకు మించనివ్వకండి.

పరీక్ష సులువు. మొదటి రెండు పేజీలే ఒకరికిచ్చి, ఈ లోకంలో తేడా ఏమిటి, ఈమెకు ఏం కావాలి అని అడగండి. రెండింటికీ జవాబు వస్తేనే ముందుకు కదలండి. "బాగుంది" అనే మాట జవాబు కాదు. లోకం మొత్తానికి పటాలు, వంశవృక్షాలు గీసుకున్నాకే కథ రాయాలనే పద్ధతి నవలకు సరిపోతుందేమో. చిన్నకథలో మాత్రం ఆ కష్టమంతా మొదటి పేజీలోకి వచ్చి పడుతుంది.

4. పంపడం

పత్రిక నియమాలు చదివి అక్షరాలా పాటించండి. వేరే సూచన లేకపోతే 12 పాయింట్ల అక్షరం, వరుసల మధ్య రెట్టింపు ఎడం, నాలుగు వైపులా అంగుళం మార్జిన్. పేరు తీసేసి పంపమంటే ఫైలు పేరులోంచి కూడా తీసేయాలి. కథతోపాటు ఎడిటర్‌కు రాసే ఉత్తరంలో కథ పేరు, పదాల సంఖ్య, ఇంతకుముందు అచ్చయినవి ఉంటే వాటి పేర్లు చాలు. కథా సారాంశం రాయొద్దు.

ఒకే కథను ఒకేసారి రెండు చోట్లకు పంపడం చాలా పత్రికలు ఒప్పుకోవు. ఏది ఎక్కడికి, ఏ తేదీన వెళ్లిందో స్ప్రెడ్‌షీట్‌లో రాసుకోండి. ముందే సొంత బ్లాగులో పెట్టిన కథను చాలామంది ఎడిటర్లు అచ్చయిపోయినట్టే లెక్కేస్తారు. ఏఐ చేత రాయించినవి అసలే పంపొద్దు. అలాంటివి వెల్లువెత్తడంతో 2023 ఫిబ్రవరిలో క్లార్క్స్‌వరల్డ్ అనే అమెరికన్ సైఫై పత్రిక కొంతకాలం కథలు తీసుకోవడమే ఆపేసింది.

తిరిగొచ్చిన కథను అదే రోజు మరో పత్రికకు పంపండి. ఎడిటర్‌తో వాదనకు దిగొద్దు. అచ్చు వేయడానికి మిమ్మల్నే డబ్బడిగేవాళ్లకు ఇవ్వనే ఇవ్వొద్దు. ఒప్పందం చేతికొచ్చాక మూడు చూసుకోండి: పారితోషికం ఎప్పుడిస్తారు, కథ ఎన్నాళ్లు వాళ్లకే పరిమితం, హక్కులు మీకు తిరిగొచ్చేది ఎప్పుడు. "అన్ని హక్కులూ, శాశ్వతంగా" అని ఉంటే మార్చమని అడగండి, మార్చకపోతే సంతకం పెట్టకండి.