కాలవ దాటాకే అసలు పాండిచ్చేరి: గైడ్‌తో సైకిల్ మీద పాత ఊరు చూడటం ఎలా?

పాండిచ్చేరి పాత పట్నం ఎంత చిన్నదంటే, సముద్రపు ఒడ్డున సైకిల్ ఎక్కితే పది నిమిషాల్లో పడమటి కొసకు చేరిపోతాం. ఎత్తుపల్లాలు లేవు. వీధులన్నీ గళ్ళ నోటుబుక్కు మీద గీసినట్టు తిన్నగా ఉంటాయి. "ఇంత చిన్న ఊరికి గైడ్ ఎందుకు బావా, డబ్బులు దండగ" అన్నాడు మా బావమరిది. మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. అద్దెకు సైకిల్ తీసుకుని రెండు గంటలు తిరిగి, పసుపు గోడల ముందు నలభై ఫోటోలు దిగి వచ్చేశాను. ఏం చూశావని ఇంట్లో అడిగితే గోడలు తప్ప చెప్పడానికేమీ లేదు.

రెండోసారి గైడ్‌తో వెళ్ళాను. అప్పుడు తెలిసినవే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందు వేళ చూసుకోండి

టూర్ పొద్దున్నే ఉండాలి, అదీ ఆరున్నర, ఏడు గంటల లోపే మొదలవ్వాలి. తొమ్మిది దాటితే బళ్ళ రద్దీ, ఎండ రెండూ కలిసి మీద పడతాయి. సాయంత్రం టూర్లు కూడా ఉంటాయి కానీ ఆ వేళకు జనం ఎక్కువ. పైగా ఇది తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. ఆ అరగంట కోసమైనా పొద్దున్నే లేవండి.

నెలల సంగతికొస్తే జనవరి నుంచి మార్చి మొదటి వారాల దాకా హాయిగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫాన్ల కాలం. మే నెల వద్దే వద్దు. వారంలో ఆదివారం కూడా నేను వద్దంటాను. ఆ రోజు మహాత్మాగాంధీ రోడ్డు పొడవునా సంత పెడతారు, సైకిల్ తొక్కడం కాదు కదా, నడవడానికే చోటుండదు. సోమవారం మ్యూజియానికి సెలవు. మంగళవారం నుంచి శుక్రవారం లోపు ఏదో ఒక పొద్దు చూసుకుంటే మేలు.

చెన్నై నుంచి ఊరు 150 కిలోమీటర్లు, ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద బస్సులు విరివిగా ఉంటాయి. రాత్రి ప్రయాణం చేసి దిగీ దిగగానే సైకిల్ ఎక్కకండి. ముందు రోజు సాయంత్రానికే చేరి, ఒక రాత్రి పడుకుని, మర్నాడు టూర్ పెట్టుకోండి.

బుక్ చేసే ముందు ఒక్క ప్రశ్న అడగండి

సైకిల్‌కి గేర్లున్నాయా, టిఫిన్ ఇస్తారా అని అందరూ అడుగుతారు. అవి తర్వాత. ముందు "కాలవ అవతలికి తీసుకెళ్తారా?" అని అడగండి.

ఎందుకో చెబుతాను. పాత ఊరిని ఒక పెద్ద కాలవ ఉత్తరం నుంచి దక్షిణానికి రెండుగా చీలుస్తుంది. సముద్రం వైపు ముక్క ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఉన్నది, ఇప్పుడు వైట్ టౌన్ అంటారు. అవతలి ముక్క తమిళులది. ఫోటోలన్నీ ఇవతల వైపువి. కథలు మాత్రం చాలావరకు అవతల ఉన్నాయి. కాలవ దాటని టూరు తీసుకుంటే సగం ఊరు చూసి పూర్తి ఊరికి డబ్బు కట్టినట్టే. (ఆ కాలవ ఇప్పుడు మురుగుకాలవ. దాటేటప్పుడు ముక్కు మూసుకోవాల్సి రావచ్చు.)

ఆ తర్వాత మిగతావి అడగండి. గుంపులో ఎంతమంది? ఎనిమిది మంది దాటితే గైడ్ మాట చివరివాళ్ళకు వినబడదు. వెనకాల ఇంకో మనిషి వస్తాడా? ఎవరి చైనో ఊడిపోతే ముందున్న గైడ్‌కి తెలియదు కాబట్టి ఇది ముఖ్యం. పిల్లల సైకిళ్ళు ఉన్నాయా? ఉన్నాయన్నా ఎంత సైజువో కనుక్కోండి. గైడ్ ఏ భాషలో చెబుతాడు? తెలుగు గైడ్ నాకైతే దొరకలేదు. ఇంగ్లీషే అయితే నెమ్మదిగా చెప్పమని మొహమాటం లేకుండా ముందే అనండి. "అన్నా" అని పిలిస్తే చాలు, తమిళంలోనూ అదే పిలుపు.

ముందు రోజు రాత్రి అరగంట చదువు

ఏమీ తెలియకుండా వెళ్తే గైడ్ చెప్పిందంతా తలూపి వినడమే అవుతుంది. ఈ కొంచెం తెలిస్తే ఎదురు ప్రశ్నలు వేయొచ్చు.

ఫ్రెంచివాళ్ళు ఇక్కడ 1674లో స్థిరపడ్డారు. 1693లో డచ్చివాళ్ళు ఊరిని పట్టుకున్నారు. ఆ గళ్ళ వీధుల ప్లాను వేసిన ఘనత వాళ్ళదే. 1699లో ఊరు మళ్ళీ ఫ్రెంచివాళ్ళకు దక్కింది. 1761లో ఇంగ్లీషువాళ్ళు ముట్టడించి గెలిచి, కోటతో సహా ఫ్రెంచి భాగాన్ని నేలమట్టం చేశారు. 1763 సంధి తర్వాత ఫ్రెంచివాళ్ళు తిరిగొచ్చి మళ్ళీ కట్టుకున్నారు. అంటే వైట్ టౌన్‌లో మీరు చూసే భవనాలు ఆ కూల్చివేత తర్వాతివి. ఎవరైనా "ఇది డూప్లే కాలం నాటి ఇల్లు" అంటే (డూప్లే ఆ కూల్చివేతకు ముందటి ఫ్రెంచి గవర్నర్), ఏ ఆధారంతో అంటున్నారని చిన్నగా అడగండి. మంచి గైడ్ నవ్వుతాడు, మాటకారి గైడ్ సైకిల్ ఎక్కేస్తాడు.

1954 అక్టోబరు 18న పాండిచ్చేరి దగ్గరి కీళూరులో ప్రజాప్రతినిధులు 178 మంది ఓటేస్తే 170 మంది ఇండియాలో కలుద్దామన్నారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. కాగితాల మీద మాత్రం 1962 ఆగస్టు 16 దాకా పూర్తి కాలేదు. మన యానాం కూడా ఈ లెక్కలోదే. గోదావరి ఒడ్డున తెలుగు మాట్లాడే ఆ ఊరికి దాదాపు 800 కిలోమీటర్ల దూరంలో ఉన్న పుదుచ్చేరి రాజధాని కావడానికి కారణం ఈ ఫ్రెంచి కథే.

ఇక బుస్సీ. ఈ పేరు మనకు బొబ్బిలి యుద్ధం నుంచి తెలుసు. 1753లో నిజాం సలాబత్ జంగ్ నుంచి ఉత్తర సర్కారులను ఫ్రెంచివాళ్ళకు సంపాదించిపెట్టింది, 1757 జనవరిలో విజయనగరం రాజు పక్షాన ఫిరంగులతో బొబ్బిలి కోట మీదికి వెళ్ళింది ఆయనే. పాండిచ్చేరిలో ఆయన పేరు మీద ఏకంగా ఒక వీధి ఉంది. ఇప్పుడు లాల్ బహదూర్ శాస్త్రి వీధి అని రాసినా, జనం ఇంకా బుస్సీ వీధి అనే అంటారు. మా గైడ్ ఆ మలుపులో ఆగి, "బుస్సీ ఒక ఫ్రెంచి సేనాపతి" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. అప్పుడు నేను బొబ్బిలి కథ, తాండ్ర పాపారాయుడి కథ చెప్పాను. ఇద్దరం సైకిళ్ళు స్టాండు వేసి పావుగంట అక్కడే నిలబడిపోయాం. గుంపులో మిగతావాళ్ళు కొంచెం విసుక్కున్నారు, పర్లేదు.

సైకిల్ చేతికిచ్చాక

సిగ్గుపడకుండా ఐదు నిమిషాలు తీసుకోండి. రెండు బ్రేకులూ నొక్కి సైకిల్ ముందుకు తోసి చూడండి, చక్రం ఆగాలి. టైర్లు బొటనవేలితో నొక్కితే గట్టిగా ఉండాలి. బెల్ మోగాలి. ఇక్కడ బెల్ లేకపోతే హారన్ల మధ్య మీ గోడు ఎవరికీ వినబడదు. సీటు మీద కూర్చుని పెడల్ కింది దాకా తొక్కితే మోకాలు కాస్తే వంగాలి. నాకు మొదటిసారి ఇచ్చిన సైకిల్ సీటు బోల్టు వదులు. ప్రతి పది నిమిషాలకూ సీటు కిందికి దిగిపోయేది, చివరికి మోకాళ్ళు హ్యాండిల్‌కి తగులుతూ తొక్కాను. ఎక్కేటప్పుడే చూసుకుని ఉంటే బాగుండేది.

చీర, చున్నీ, వదులు ప్యాంటు చైన్‌లో పడతాయి, బిగించి కట్టుకోండి లేదా పిన్ను పెట్టుకోండి. హవాయి చెప్పులు వద్దు, గుళ్ళలో తేలిగ్గా విప్పుకునే పట్టీ చెప్పులు మంచివి. టోపీ, నీళ్ళ సీసా తప్పనిసరి. ఫోన్ చేతిలో పట్టుకుని తొక్కకండి.

సముద్రం వైపు: తొందరపడకండి, కానీ ఇక్కడే ఉండిపోకండి

టూర్లు చాలావరకు బీచ్ రోడ్డు దగ్గర మొదలవుతాయి. సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఏడున్నర వరకు అక్కడ మోటారు బళ్ళు రానివ్వరు, నడిచేవాళ్ళదే రాజ్యం. సైకిల్ దిగి నడిపించమని గైడ్ అంటే వాదించకండి. గాంధీ విగ్రహం చుట్టూ ఉన్న రాతి స్తంభాలు సెంజి (జింజీ) కోట ప్రాంతం నుంచి తెచ్చినవి. పక్కనే 1836 నాటి పాత లైట్‌హౌస్.

అక్కడి నుంచి లోపలి వీధుల్లోకి వెళ్తే డ్యుమా వీధిలో 1855లో పూర్తయిన నోత్ర్ దామ్ చర్చి వస్తుంది. లోపలి గోడలకు గుడ్డు తెల్లసొన కలిపిన సున్నం పూశారని చెబుతారు. చెయ్యి ఆనించి చూస్తే నిజంగానే పాలరాయిలా నున్నగా ఉంది.

భారతి పార్కులో తెల్లటి ఆయి మండపం దగ్గర మాత్రం కథ పూర్తిగా చెప్పమనండి. ఒకప్పుడు ఇటుగా వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు దీపాలతో వెలుగుతున్న ఒక మేడను గుడి అనుకుని నమస్కరించాడట. అది ఆయి అనే వేశ్య ఇల్లని తెలిసి కోపంతో పడగొట్టమన్నాడట. ఆమె తానే ఇల్లు పడగొట్టుకుని, తన డబ్బుతో జనానికి చెరువు తవ్వించిందని కథ. 19వ శతాబ్దంలో, ఫ్రెంచి చక్రవర్తి మూడో నెపోలియన్ కాలంలో, ఆ చెరువు వైపు నుంచే ఊరికి మంచినీళ్ళు తెచ్చారు. అందుకు గుర్తుగా కట్టిన మండపానికి ఆమె పేరే నిలిచింది. రాయల మీద ఇలాంటి కథ మన వైపు నేనెప్పుడూ వినలేదు.

మణక్కుళ వినాయకుడి గుడి ఫ్రెంచివాళ్ళకన్నా ముందుది. మణల్ అంటే ఇసుక, కుళం అంటే కొలను. ఆ దగ్గర్లోనే అరవిందాశ్రమం. అరవిందులు 1910 ఏప్రిల్ 4న ఈ ఊరు చేరారు. 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కట్టమంచి రామలింగారెడ్డి పేరిట ఉన్న జాతీయ బహుమతిని ఆయనకే ఇచ్చింది. లోపల ఫోన్లు, మాటలు కుదరవు. ఫోటోల ఆశ గేటు బయటే వదిలేయండి.

కాలవ దాటాక

ఇక్కడ సైకిల్ వేగం సగానికి తగ్గించండి. ఆవులు, కూరగాయల బళ్ళు, ఎదురొచ్చే స్కూటర్లు అన్నీ ఉంటాయి. ఒకరి వెనక ఒకరు, ఎడమ పక్కనే పోవాలి. ఆగి ఉన్న కార్ల పక్కన మూడడుగులు వదలండి, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు.

ఇళ్ళు మారిపోతాయి. ఎత్తు ప్రహరీలు పోయి వీధిలోకే తెరుచుకునే అరుగులొస్తాయి. వాటిని తిణ్ణై అంటారు, మన చిత్తూరు వైపు తిన్నె అన్నట్టే. దారిన పోయేవాళ్ళు కూర్చోవడానికి పై కప్పుతో సహా కట్టినవి. వైసియాల్ వీధిలో ఇలాంటి ఇళ్ళ వరసను బాగుచేసి నిలబెట్టారు, ఆ పనికి 2008లో యునెస్కో పురస్కారం వచ్చింది. కొన్ని ఇళ్ళు కింద తమిళ పద్ధతి, మేడ మీద ఫ్రెంచి పద్ధతి. ఒకే ఇంట్లో రెండు ఊళ్ళు.

ఆనందరంగపిళ్ళై ఇల్లు చూపించమని అడగండి, పెద్ద మార్కెట్ దగ్గర. 1730ల్లో కట్టిందంటారు. డూప్లేకి ఆయన దుబాసీ, అంటే రెండు భాషల మధ్య మాట అందించే మధ్యవర్తి. 1736 నుంచి 1761లో చనిపోయేదాకా తమిళంలో డైరీ రాశాడు. ఓడల రాకపోకలు, బజారు ధరలు, గవర్నర్ ఇంటి గొడవలు అన్నీ అందులో ఉన్నాయి. మిషన్ వీధిలోని పెద్ద చర్చిని జనం సంబా కోయిల్ అంటారు, సెయింట్ పాల్ అన్న పేరు నోళ్ళలో పడి అలా అయింది. అప్పటి చర్చి పక్కనే ఉన్న వేదపురీశ్వరుడి గుడిని 1748లో కూల్చేశారు, ఆ సంగతీ పిళ్ళై రాసుకున్నాడు. ఇంకో మాట. కస్తూరి రంగకవి ఒక తెలుగు ఛందోగ్రంథానికి ఈయన పేరే పెట్టి 'ఆనందరంగరాట్ఛందము' అన్నాడు. ఆ ఇంటి ముందు నిలబడి గైడ్‌కి ఈ సంగతి చెప్తే పుస్తకం పేరు రాసిమ్మన్నాడు.

ఈశ్వరన్ ధర్మరాజా కోయిల్ వీధిలో సుబ్రహ్మణ్య భారతి ఉన్న ఇల్లుంది. బ్రిటిష్ వాళ్ళు పట్టుకోకుండా ఆయన 1908లో ఈ ఊరొచ్చి పదేళ్ళు ఉన్నాడు. మార్కెట్లో సైకిల్ నడిపించుకుంటూ పూల వరస వైపు వెళ్ళండి. చేపల వాసన పడనివాళ్ళు ఆ వైపు తిరగకపోవడమే నయం.

తిరిగిచ్చేటప్పుడు, ఆ తర్వాత

టిఫిన్ టూర్‌లో కలిపి ఉంటే క్రోసాం అనే ఫ్రెంచి రొట్టెతో సరిపెట్టేస్తారు. నా ఓటు మాత్రం తమిళ వీధిలో పొంగలి, ఫిల్టర్ కాఫీకి. టిప్పు గైడ్‌కిచ్చినప్పుడు వెనకాల వచ్చిన మనిషిని మరిచిపోకండి, చైన్లు ఎక్కించింది అతనే.

ఇంకో పూట ఉంటే అరికమేడు పెట్టుకోండి. ఊరికి దక్షిణాన ఏటి ఒడ్డున ఉంటుంది. 1945లో పురావస్తు శాస్త్రవేత్త మోర్టిమర్ వీలర్ తవ్వించి, రెండు వేల ఏళ్ళ కిందట రోమ్‌తో వ్యాపారం జరిగిన జాడలు చూపించిన చోటు. దారిలో కడలూరు రోడ్డు మీద బస్సులు భయం పుట్టిస్తాయి, పిల్లలతో అయితే ఆటోలో వెళ్ళండి. అక్కడికి మాత్రం గైడ్ లేకుండా వెళ్ళొద్దు. తవ్విన గుంటలన్నీ ఎప్పుడో పూడ్చేశారు. తెలిసిన మనిషి వేలు పెట్టి చూపిస్తే తప్ప మామిడితోపు, ఒక పాత ఇటుక గోడ, అంతే కనిపిస్తాయి. ఆ గోడ కూడా రోమన్లది కాదు, 18వ శతాబ్దంలో మతబోధకులు కట్టుకున్న ఇంటిది.