‘అడ్జస్ట్’ అనే ఇంగ్లీషు క్రియను సరిగ్గా వాడడం ఎలా?

బెంగళూరు మెజెస్టిక్‌లో ఎక్కిన బస్సులో ఇద్దరు కూర్చున్న సీటులో మూడో మనిషికి చోటు కావలసివస్తే వినిపించే మాట ‘స్వల్ప అడ్జస్ట్ మాడి’. మారతహళ్లిలో స్థిరపడిన మన తెలుగువాళ్లు కూడా బస్సులో దానిని కన్నడంలోనే అని, ఇంట్లో ‘కొంచెం అడ్జస్ట్ అవ్వండి’ అంటారు. ఆ రెండుచోట్లా ఈ మాటకు ఏ లోటూ లేదు. అయితే, విదేశంలోని సహోద్యోగికి ‘మీటింగ్ అరగంట ఆలస్యంగా మొదలవుతుంది, ప్లీజ్ అడ్జస్ట్’ అని ఇంగ్లీషులో మెయిల్ రాసినప్పుడు నాకు ‘దేనిని?’ అని జవాబు వచ్చింది. అది వెటకారం కాదు, ఆయన చదివిన వాక్యం నిజంగానే సగంలో ఆగిపోయింది.

కనుక మొదట చేయవలసిన పని, నోటికి వచ్చిన ‘అడ్జస్ట్’ను తెలుగులో పెట్టి చూసుకోవడం. మనం ఆ ఒక్క మాటతో సర్దడం, సర్దుకోవడం, చేబదులు ఇవ్వడం అనే మూడు పనులూ చేయిస్తాం. ఇంగ్లీషు క్రియ మొదటి రెండింటినే, అదీ కొన్ని షరతుల మీద, ఒప్పుకుంటుంది.

మీ ఉద్దేశం సర్దడమైతే, దేనిని సర్దుతున్నారో ఆ వస్తువు పేరు క్రియ వెంటనే రావాలి: ‘అడ్జస్ట్ ద మిర్రర్’, ‘అడ్జస్ట్ ద వాల్యూమ్’. బీరువాలో బట్టలు సర్దడానికి మాత్రం ఇది పనికిరాదు, అక్కడ ‘అరేంజ్’ కావాలి. ఉన్నదానిని కొద్దిగా అటూ ఇటూ జరిపి, ఉండవలసిన తీరుకు తేవడమే అడ్జస్ట్.

ఈ అర్థం పుట్టుకలో లేదు. లాటిన్‌లో ‘యుక్స్తా’ అంటే పక్కన, దగ్గర. దానికి ‘అద్’ చేరి ఏర్పడిన క్రియకు దగ్గరకు చేర్చడమని అర్థం. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చే దారిలో, న్యాయమైన, సరైన అనే అర్థంగల ‘యుస్తుస్’కు సంబంధించిన మాటగా జనం పొరబడడంతో, ‘సరిచేయు’ అనే అర్థం బలపడింది. ‘యుక్స్తా’ మూలధాతువూ, సంస్కృతంలో ‘యోగం’ అనే మాటకు ఆధారమైన ‘యుజ్’ ధాతువూ ఒకే కుదురువి. గుర్రాల మీద ఈటెలతో తలపడే పోటీని చెప్పే ‘జౌస్ట్’ కూడా ‘యుక్స్తా’ నుంచే వచ్చింది. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ సీటు కోసం జరిగే పెనుగులాట చూసినవారికి ఈ చుట్టరికం వింతగా తోచదు. నిజానికి పక్కకు చేరనివ్వమని అడిగే మన బస్సు ప్రయోగమే లాటిన్ అర్థానికి ఎక్కువ దగ్గర.

మీ ఉద్దేశం సర్దుకోవడమైతే, క్రియ తరువాత ‘టు’ పెట్టి, ఆపైన పరిస్థితిని చెప్పాలి. విజయవాడ ఎండల నుంచి వచ్చిన అమ్మాయి బెంగళూరు చలికి అలవాటుపడితే ‘షి అడ్జస్టెడ్ టు ద కోల్డ్’ అనాలి. ఈ ‘టు’ తరువాత మరో క్రియ వస్తే దానికి ‘ఇంగ్’ తప్పనిసరి: ‘అడ్జస్టింగ్ టు లివింగ్ అలోన్’ సరైనది, ‘టు లివ్’ తప్పు. అత్తగారితోనో రూమ్మేట్‌తోనో సర్దుకుపోవడానికి మనం వాడే ‘అడ్జస్ట్ విత్’ మన దేశం దాటితే నప్పదు. కలిసిమెలిసి ఉండడానికి ‘గెట్ అలాంగ్ విత్’, పళ్ల బిగువున ఓర్చుకోవడానికి ‘పుట్ అప్ విత్’ వాడాలి. రెండింటికీ మధ్య ఉన్న దూరాన్ని మన ‘అడ్జస్ట్’ మర్యాదగా దాచిపెడుతుంది.

డబ్బు దగ్గర ఈ క్రియను పూర్తిగా వదిలేయడం మంచిది. ‘ఒక 2000 సర్దుతావా?’ అనే తెలుగు వాక్యమే ‘అడ్జస్ట్ చేస్తావా?’ అయింది తప్ప, ఇంగ్లీషులో అప్పు అడగడానికి ‘లెండ్’ ఉంది. చివరి నెల అద్దెను అడ్వాన్సులో అడ్జస్ట్ చేసుకోమని ఇంటి ఓనరుకు రాయదలిస్తే, ‘ప్లీజ్ డిడక్ట్ ద రెంట్ ఫ్రమ్ ద డిపాజిట్’ అనండి.

ఆ మెయిల్‌ను నేను ‘ప్లీజ్ అడ్జస్ట్ యువర్ షెడ్యూల్’ అని మార్చి మళ్లీ పంపాను. బస్సులో పక్కన విదేశీయులు కూర్చుని ఉంటే మాత్రం ‘కుడ్ యు మూవ్ ఓవర్ ఎ లిటిల్?’ అని అడగండి. కన్నడిగులైతే ‘స్వల్ప అడ్జస్ట్ మాడి’ చాలు.