వానకాలంల రాడ్డు పట్టుకొని వాగులకు, చెరువులకు పోయేటోళ్లు ఇవి చూస్కొని పోన్రి

మృగశిర దాటి నాలుగు వానలు పడంగనే మన దిక్కు గాలాలు బయటికొస్తయి. చెరువులకు ఎర్రనీళ్లు దిగుతుంటే చేపలు ఎదురెక్కుతయి కాబట్టి గప్పుడే అందరికి చెయ్యి గుంజుతది. ఈ మధ్య వెదురు గాలంతోని పాటు చక్రం తిప్పి తాడు గుంజే స్పిన్నింగ్ రాడ్లు, కొందరి చేతుల్ల ఈగ లాంటి తేలికటి ఎరను (ఫ్లై) ఊపి వేసే ఫ్లై రాడ్లు గూడ కనవడుతున్నయి, కశ్మీర్ల హిమాచల్ల ట్రౌట్ పట్టే వీడియోలు చూసి కొంటున్నరు. ట్రౌట్ చల్లనీళ్ల చేప, నీళ్లు 20 డిగ్రీలు దాటితేనే దానికి కష్టమైతది, మన కృష్ణల మూసీల అది బతకది. అయినా అదే రాడ్డుకు మన తిలాపియా, కొర్రమీను మంచిగనే పడ్తయి, అందుకే ఆ ఆట వద్దని నేను అనను. కానీ ఆ వీడియోలల్ల చెప్పే జాగ్రత్తలు కొండల మీది చల్లటి ఏర్లకు చెప్పినవి, మన దగ్గర మనిషి పాణం తీసేవి వేరే ఉన్నయి.

అన్నిటికంటె ముందు పైనుంచి వచ్చే నీళ్లు. మన ఊర్ల ఎండ కొడ్తుంటది, మబ్బు గూడ ఉండది, అయినా నది పొంగుతది. కృష్ణ నీళ్లు ఎక్కడో మహారాష్ట్ర పశ్చిమ కనుమలల్ల పడ్డ వానవి, ఆల్మట్టి, నారాయణపూర్ దాటి జూరాలకు వస్తయి, నడుమ భీమా వచ్చి కలుస్తది, అటు అలంపూర్ దిక్కు నుంచి తుంగభద్ర. 2009 అక్టోబర్ల ఏమైందో గద్వాల, అలంపూర్ దిక్కోళ్లకు చెప్పే పని లేదు, శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులైతే నీళ్లు దాన్ని గూడ దాటి పోయినయి. మూసీది ఇంకో కథ. హైదరాబాద్ల కుండపోత పడి గండిపేట, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తిన్రంటే ఆ నీళ్లు వలిగొండ దాటి సూర్యాపేట దిక్కు మూసీ ప్రాజెక్టుకే రావాలె, 2020 అక్టోబర్ల హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడు గట్లనే వచ్చినయి. అందుకే పోయే రోజు పొద్దున మన ఊరి వాన కాదు చూడాల్సింది, పైన ఉన్న ప్రాజెక్టుకు ఇన్‌ఫ్లో (వచ్చే నీళ్లు) ఎంత, ఔట్‌ఫ్లో (కిందికి వదిలే నీళ్లు) ఎంత అని చూడాలె, పేపర్ల, టీవీల వస్తనే ఉంటది. నాగార్జునసాగర్ల నీళ్లు నిండు మట్టం 590 అడుగుల దగ్గరికి వచ్చినయని వింటే ఇగ కింది దిక్కు నదిల కాలు పెట్టుడు బంద్. గేట్లు దించే ఉన్నయి గదా అని గూడ అనుకోవద్దు, జూరాల దగ్గర గానీ సాగర్ కింద గానీ పవర్‌హౌస్ల టర్బైన్లు తిప్పితే గేటు ఎత్తకున్నా నీళ్లు లేస్తయి, నడుమ రాళ్ల మీద నిలబడ్డోడు ఆడనే చిక్కుకుంటడు.

వనపర్తి దిక్కు సరళాసాగర్ సంగతి చాలామందికి తెల్వది. 1959ల పూర్తయిన ప్రాజెక్టు, దానికి ఆటోమేటిక్ సైఫన్లు ఉన్నయి, అంటే నీళ్లు నిండు మట్టానికి రాంగనే వాటంతట అవే పడుడు మొదలైతది. ఎవరో వచ్చి బటన్ నొక్కుడు, ముందుగాల సైరన్ కొట్టుడు ఉంటదని ఆడ ఆశ పెట్టుకోవద్దు. నిండేతట్టు ఉన్న దినాలల్ల దాని కింద వాగుల దిగి గాలం వెయ్యనే వద్దు, గిది నేను గట్టిగ చెప్తున్న.

నీళ్లు పెరుగుతున్నయా లేదా తెలుసుకునేందుకు వాగు ఒడ్డుకు పోంగనే నీటి అంచుల ఒక పుల్ల గుచ్చి పెట్టుకోన్రి, వేట నడుమ దాని దిక్కు చూస్తుండాలె. పుల్ల మునిగినా, తేటగున్న నీళ్లు ఎర్రగైనా, ఆకులు, నురుగు, కట్టెపుల్లలు కొట్టుకొస్తున్నా రాడ్డు మడిచి ఎటు నుంచి వచ్చిన్రో అటే పైకి ఎక్కాలె, చేప తగిలి ఉన్నా సరే తాడు కోసెయ్యన్రి. అవతలి ఒడ్డుకు దాటి వేసే అలవాటున్నోళ్లు ఈ కాలంల మానుకుంటె మంచిది, దాటంగ మోకాలు లోతే ఉంటది, వచ్చేటప్పుడు నడుము దాక వస్తది. మోకాలు లోతు నీళ్లే గదా అనేటోళ్లు గూడ ఉన్నరు, ఉరుకుతున్న నీళ్లైతే మోకాలు లోతుకే మనిషి పడ్తడు.

ఇగ ఇసుక గుంతలు. దుందుభి, డిండి వాగు, పెద్దవాగు, మూసీ, ఏ వాగు చూసినా ఇసుక తోడిన గుంతలుంటయి, ఎండకాలంల కంటికి కనవడ్తయి, వానకాలంల మీద నీళ్లు ఒక్క తీరుగ పరుచుకొని ఉంటయి. ఒక అడుగు మోకాలు లోతు, తర్వాతి అడుగు నిలువు లోతు. అందుకే ఎండకాలంల తిరిగి చూడని వాగుల వానకాలంల దిగొద్దని నా మాట. దిగక తప్పదంటె చేతుల గట్టి కర్ర ఉండాలె, ముందు కర్ర, తర్వాత కాలు. వీడియోలల్ల ఛాతీ దాక తొడిగే రబ్బరు వేడర్లు మనకు వద్దే వద్దు, నీళ్లు నిండితే లేవనియ్యవు, పైగా మన ఉక్కకు లోపల ఉడుకుతరు. నిక్కరు, అడుగు జారని బూట్లు చాలు, చెప్పులు మాత్రం వద్దు. పుట్టిల గానీ తెప్ప మీద గానీ పోతె లైఫ్ జాకెట్ తొడుక్కొనే ఎక్కాలె, కింద పడేసి కూసుంటె ఉన్నా లేనట్టే.

చెరువుల కాడ అలుగు పోస్తుంటె చూసేందుకు ముద్దుగుంటది, చేపలు ఆడనే ఎగురుతయి గనుక పోరగాళ్లంత ఆడనే చేరుతరు. అలుగు రాళ్ల మీద పాచి ఉంటది, జారితే కింద గుండంల పడ్డట్టే, ఆడ నీళ్లు తిప్పి తిప్పి లోపటికే గుంజుతయి. పక్కకు నిలబడి దూరం నుంచి వెయ్యొచ్చు, రాడ్డు ఉన్నదే అందుకు. తూము దగ్గర గూడ లోపల గుంజుతది, దాని చుట్టుపక్కల దిగొద్దు. సాగర్ ఎడమ కాల్వ లాంటి పెద్ద కాల్వలకు సిమెంటు లైనింగు ఉంటది, పడితే ఈత వచ్చినోడికి గూడ పట్టు దొరకది, కాబట్టి వాలు మీద కూసొని గాలం వేసుడు బంద్ చెయ్యాలె, ముందుగాల మెట్లు ఎక్కడున్నయో చూస్కోవాలె.

పిడుగు, కరెంటు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలె, ఎందుకంటె ఇయ్యాల రేపు దొరికే రాడ్లు చాలామట్టుకు కార్బన్‌వి, కార్బన్ల కరెంటు పారుతది. ఫ్లై రాడ్డు తొమ్మిది అడుగులు ఉంటది, దాన్ని నెత్తి మీద ఎత్తి వెనకకు ముందుకు ఊపుతరు, చుట్టూ బయలు నీళ్ల ఒడ్డున మనమే ఎత్తుగ నిలబడి ఉంటం. మెరుపు మెరిసినాక ఉరుము వినడానికి 30 సెకన్ల కంటె తక్కువ పట్టిందంటె పిడుగు పది కిలోమీటర్ల లోపలనే ఉన్నట్టు, గప్పుడు రాడ్డు కింద పెట్టి నీళ్ల నుంచి దూరం పోవాలె, ఆఖరి ఉరుము వినవడ్డ అరగంట దాక మళ్ల రావద్దు. తాటిచెట్టు కిందికి, మర్రిచెట్టు కిందికి పోవద్దు, పక్కా ఇల్లు లేదంటె అద్దాలు ఎక్కిచ్చిన కారు మంచిది. దామిని అని ఒక యాప్ ఉంది, పుణెల ఉన్న వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్లది, చుట్టుపక్కల పిడుగుల సంగతి చెప్తది, ఫోన్ల వేసి పెట్టుకోన్రి.

రాడ్డు ఎత్తే ముందు మీద 11 కేవీ తీగలు ఉన్నయా అని చూడాలె, చెరువు శిఖం భూములల్ల స్తంభాలు వంగి తీగలు చేతికందేటట్టు వేలాడుతుంటయి. ఒడ్డున మోటర్ల స్టార్టర్ డబ్బాలు, నీళ్లల్ల పడి ఉన్న వైర్లు కనవడితే ఆ దిక్కే పోవద్దు. ఇంకొకటి, మబ్బుల లేచి చీకట్ల పొలాల నడుమ నుంచి పోయే అలవాటుంటె మానెయ్యన్రి, అడవిపందుల కోసం కొందరు చేన్ల చుట్టు తీగ కట్టి కరెంటు పెడ్తరు, గది చట్టానికి తప్పే గానీ దానికి మనుషులు పోతనే ఉన్నరు. వెలుగొచ్చినాక బాట మీదికెళ్లి పోన్రి, ఆ చేను రైతును ఒక మాట అడిగి పోతె ఇంకా మంచిది.

పాములకు బూట్లు, టార్చి లైటు. నీళ్లల్ల తిరిగే నీరుకట్టెకు విషం ఉండది, గడ్డిల ఉండే రక్తపింజరతోనే అసలు భయం. కరిస్తే కొయ్యొద్దు, నోటితోని పీల్చొద్దు, తాడు బిగిచ్చి కట్టొద్దు, చేతి ఉంగరాలు తీసేసి కరిచిన కాలో చెయ్యో కదలకుండ పెట్టి 108కి ఫోన్ చేసి సర్కారు దవాఖానకు పోవాలె, మంత్రం పెట్టేటోళ్ల దగ్గర టైం పోగొట్టుకోవద్దు. జూరాల, గద్వాల, మక్తల్ దిక్కు కృష్ణల మొసళ్లు ఉన్నయి, ఆడ నీటి అంచుల కూసొని చేపలు కడుగుడు, పేగులు పారేసుడు చెయ్యొద్దు.

ఎక్కడ వేస్తున్నమో గూడ చూస్కోవాలె. చెరువు మీద హక్కు ఆ ఊరి మత్స్య సహకార సంఘానిది, ముదిరాజ్‌లు, గంగపుత్రులు పిల్లలేసి పెంచుకున్న చేపలు, అడిగి గాలం వెయ్యాలె, వద్దంటె వెనకకు రావాలె. పెద్ద ప్రాజెక్టులల్ల గుడ్లు పెట్టే కాలంల వేట మీద నిషేధం ఉంటది. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ల ఉన్న కృష్ణ ఒడ్డుకు పర్మిషన్ లేకుండ పోనే వద్దు. కొర్రమీను మన రాష్ట్ర చేప, వానకాలంల దాని పిల్లలు ఎర్రగ గుంపు కట్టి నీటి మీద తిరుగుతుంటె తల్లిదండ్రులు కిందనే కావలి ఉంటయి, ఆ గుంపు మీద గాలం వెయ్యకున్రి, పెద్దది పోతె పిల్లలను వేరే చేపలు తినేస్తయి.

ఒక్కరే పోవద్దు, ఏ చెరువో ఏ వాగో ఇంట్ల చెప్పి పోవాలె, మందు తాగి నీళ్ల కాడికి పోనే వద్దు. బ్యాగుల 15 మీటర్ల తాడు, మూత గట్టిగున్న ఖాళీ డబ్బా ఒకటి ఉండాలె. పక్కోడు పడితే వెంట దుంకకున్రి, మన దగ్గర ఒక్కరి కోసం దుంకి ఇద్దరు ముగ్గురు పోయిన సంగతులు ఎన్నో విన్నం, ఒడ్డు నుంచే తాడు, డబ్బా, తువ్వాల ఏదుంటె అది విసిరి గుంజాలె. బయటికి తీసినాక ఊపిరి లేకుంటె తలకిందులు తిప్పుడు, కడుపు నొక్కుడు కాదు, ముక్కు మూసి నోట్లకు ఊపిరి ఊదాలె, తర్వాత ఛాతీ నడుమ 30 సార్లు నొక్కి రెండు ఊపిర్లు, 108 వచ్చేదాక గట్లనే.

కంటికి అద్దాలు మరువద్దు, ఫ్లై వెనకకు ఊపేటప్పుడు గాలికి కొక్కెం ముఖం మీదికే వస్తది. కొక్కెం మొన పక్కన ఉండే చిన్న ముల్లును ప్లయర్‌తోని నొక్కేస్తె మనకు గుచ్చుకున్నా ఈజీగ వస్తది, చేపను వదలాలన్నా వదలొచ్చు. జెల్ల, మార్పు లాంటి మీసాల చేపల ముల్లు గుచ్చుకుంటె ఓర్చుకునేంత వేడినీళ్లల్ల అరగంట చెయ్యి పెడితే నొప్పి తగ్గుతది, టీటీ ఇంజక్షన్ వేసుకోవాలె. కాళ్లకు పుండ్లు ఉంటె మురికినీళ్లల్ల దిగొద్దు, దిగినాక జ్వరమొస్తె డాక్టరుకు నీళ్లల్ల దిగిన ముచ్చట తప్పక చెప్పాలె. మూసీల హైదరాబాద్ మురికి, ఫ్యాక్టరీల నీళ్లు కలుస్తయి, ఆడ పట్టిన చేపను ఇంటికి తీస్కపోయి పిల్లలకు పెట్టకున్రి, పట్టి వదిలెయ్యన్రి.