పాత ఆటో ఎక్స్‌పోజర్ కెమెరా: మీటర్ ముల్లు కదులుతోంది, ఫొటోలు మాత్రం చీకటి

సమస్య ఇదీ. 1960లు, 70ల నాటి ఆటో కెమెరా, అంటే లోపలి మీటర్‌తో వెలుతురు కొలిచి తనే సర్దుకునే రకం, కొన్నారు. వ్యూఫైండర్‌లో ముల్లు వెలుతురుకి తగ్గట్టు కదులుతోంది, షట్టర్ టక్కున పడుతోంది, తీరా రీలు కడిగించి చూస్తే నీడ ఉన్న చోటల్లా బురద.

ముందు ఏఎస్ఏ డయల్ (వేసిన ఫిల్మ్ స్పీడు ఎంతో కెమెరాకి చెప్పేది) చూడండి. నిజంగా చూడండి. 100 ఫిల్మ్ వేసి డయల్ 400 మీద వదిలేస్తే ప్రతి ఫ్రేముకీ రెండు స్టాపుల వెలుతురు తక్కువ, అంటే కావాల్సినదాంట్లో పావు వంతే పడుతుంది. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్కటీ దాటేసి నేరుగా స్క్రూడ్రైవర్ పట్టుకుంటారు. తర్వాత నెగటివ్‌ని వెలుతురుకి ఎత్తి అంచు చూడండి. ఫ్రేమ్ నంబర్లు, ఫిల్మ్ పేరు ముదురుగా, స్పష్టంగా ఉండి ఫ్రేములు మాత్రం పల్చగా ఉంటే ల్యాబ్ తప్పేమీ లేదు, ఫిల్మ్ మీద వెలుతురే చాలలేదు.

అసలు దొంగ బ్యాటరీ. "కొత్తదే వేశానండీ" అంటారు, చిక్కంతా అక్కడే ఉంది. కెనానెట్ క్యూఎల్17 జీ-త్రీ, ఒలింపస్ 35 ఆర్‌సీ లాంటివి 1.35 వోల్టుల పాదరసం సెల్ పీఎక్స్625 కోసం చేసినవి. ఆ సెల్ అయిపోయేదాకా దాదాపు ఒకే వోల్టేజీ ఇచ్చేది కాబట్టి, మీటర్ సర్క్యూట్ కూడా దాన్నే నమ్ముకుని ఉంటుంది. పాదరసం విషమని వాటి అమ్మకం ఆగిపోయింది. ఇప్పుడు అదే సైజులో దొరికే ఆల్కలైన్ 625 మాత్రం 1.5 వోల్టులు. కొత్తగా వేసినప్పుడు మీటర్‌కి కరెంటు ఎక్కువై, బయట ఎండ దంచేస్తోందనుకుని అపర్చర్‌ని (లెన్సులో వెలుతురు వచ్చే కంతని) అవసరానికి మించి మూసేస్తుంది. వాడేకొద్దీ వోల్టేజీ జారుతుంది కాబట్టి మధ్యలో ఒక రీలు చక్కగా వస్తుంది, దాంతో కెమెరా బాగానే ఉంది, నాకే తీయడం రాలేదని మీరనుకుంటారు. బ్యాటరీ చెక్ కూడా ఆదుకోదు, వోల్టేజీ తక్కువైతే చెబుతుంది గానీ ఎక్కువైతే చెప్పదు. పోనీ ఏఎస్ఏ డయల్ తగ్గించి సర్దుకుందామంటే ఎండలో వచ్చే తేడా ఒకటి, గదిలో వచ్చేది ఇంకొకటి, పైగా వచ్చే నెలకి ఆ లెక్క కూడా మారిపోతుంది.

పరిష్కారాలు రెండు. చవకైనది వినికిడి యంత్రాల్లో వేసే 675 జింక్-ఎయిర్ సెల్, సుమారు 1.4 వోల్టులు. చుట్టూ చిన్న రబ్బరు రింగు పెడితే కదలకుండా కూర్చుంటుంది, గాలి రంధ్రాలు మాత్రం మూసుకుపోకూడదు. స్టిక్కర్ పీకి కొద్ది నిమిషాలు ఆగి వేయండి. ఒకసారి పీకాక వాడినా వాడకపోయినా కొన్ని నెలల్లో అయిపోతుంది, దానికి సిద్ధపడాలి. రెండోది ఎస్ఆర్44 సిల్వర్ సెల్‌ని వోల్టేజీ తగ్గించే అడాప్టర్‌లో వేయడం. "వోల్టేజీ తగ్గించే" అన్న మాట గట్టిగా పట్టుకోండి. చాలా అడాప్టర్లు ఉత్త లోహపు గిన్నెలు, సైజు సరిచేస్తాయంతే, 1.55 వోల్టులు అలాగే లోపలికి పోతాయి. ఎస్ఆర్44 బదులు ఎల్ఆర్44 వేస్తే అది ఆల్కలైన్, మళ్లీ మొదటికే వస్తారు.

ఏది వేసినా నమ్మకమైన వేరే మీటర్‌తో ఎండలోనూ నీడలోనూ పోల్చి చూశాకే ఫిల్మ్ ఎక్కించండి.

ఈ గొడవ అన్ని కెమెరాలకీ లేదు. కెనన్ ఏఈ-1 మొదటినుంచీ 6 వోల్టులదే. యాషికా ఎలక్ట్రో 35 5.6 వోల్టుల సెల్ కోసం చేసిందే అయినా, అడాప్టర్‌తో 6 వోల్టులు ఇస్తే మామూలుగా ఇబ్బంది పడదు. దాని జబ్బు వేరు: ఫిల్మ్ ముందుకు జరిపే లీవర్ తిప్పేటప్పుడు లోపల "టంక్" మని వినపడకపోతే రబ్బరు ప్యాడ్ పొడైపోయినట్టే, విప్పి మార్చాల్సిందే. ఒలింపస్ ట్రిప్ 35లో ఉన్నది వెలుతురుతోనే కరెంటు పుట్టించే సెలీనియం సెల్, బ్యాటరీయే ఉండదు. 'ఏ' (ఆటో) మీద పెట్టి సెల్‌ని చేత్తో మూసి షట్టర్ బటన్ నొక్కితే ఎర్ర జెండా లేచి షట్టర్ ఆగిపోవాలి. ఆగకపోతే సెల్‌ని అనుమానించే ముందు అపర్చర్ బ్లేడ్లకు నూనె పట్టిందేమో చూడండి.

బ్యాటరీతో నడిచే మీటర్లలో వెలుతురు పసిగట్టే సీడీఎస్ సెల్ ముసలిదైపోవడం, లోపలి వైరు తుప్పు పట్టడం లాంటివీ ఉంటాయి. సరైన వోల్టేజీ ఇచ్చాక కూడా ముల్లు తప్పే చూపిస్తుంటే అప్పుడు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.