ప్రొటీన్ పొడి ఉండలు కట్టకుండా

వెచ్చటి పాలలో వే ప్రొటీన్ (పాలు విరిగాక మిగిలే నీళ్ల నుంచి తీసే ప్రొటీన్) పొడి వేస్తే చాలు, ఉండలు కట్టేస్తుంది. పైన తడిగా, లోపల పొడిపొడిగా ఉండే వాటిని చెంచాతో గ్లాసు అంచుకేసి నలపడం నాకు రోజూ ఉన్న పనే. ఇప్పుడు ముందు 60 మి.లీ. చల్లటి నీళ్లలో 25 గ్రాముల పొడి వేసి జారుగా కలిపేస్తున్నా. ఆ తర్వాతే 150 మి.లీ. గోరువెచ్చటి పాలు, కలుపుతూనే కొద్దికొద్దిగా పోయాలి.

మరిగే పాలు పోస్తే మాత్రం ఈ కిటుకు పనిచేయదు. వే ప్రొటీన్ సుమారు 70 డిగ్రీలు దాటితే గట్టిపడి పలుకులు పలుకులుగా విడిపోతుంది. అలా అయిందని పారబోయకండి, ప్రొటీన్‌లో ఉండే పోషక భాగాలైన అమైనో ఆమ్లాలు ఎక్కడికీ పోవు. తాగడానికే కాస్త ఇబ్బంది.