పియానో వణుకుతుందా, బాస్ వినపడట్లేదా? పాత జాజ్ రికార్డులకు సమస్య - పరిష్కారం

నల్లగొండ, మహబూబ్‌నగర్ దిక్కు జాజ్ ఎల్పీలు (నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే వినైల్ రికార్డులు) వినేవాళ్లు తక్కువ. రికార్డు ప్లేయర్‌లో తేడా వస్తే చూపించడానికి మెకానిక్ దొరకడం కష్టం, హైదరాబాద్ దాకా మోసుకుపోవాలి. పోయే ముందు, ఏ వాయిద్యం చెడి వినిపిస్తుందో గుర్తుపట్టండి. జాజ్ బృందాలు చాలావరకు నలుగురైదుగురివే కాబట్టి ఒక్కో వాయిద్యం విడిగా వినిపిస్తుంది. జబ్బు ఎక్కడుందో చాలాసార్లు ఆ వాయిద్యమే చెప్పేస్తుంది.

పాటంతా కుంగిపోయి, నెమ్మదిగా సాగుతుంది

ప్లేయర్ అమెరికా నుంచి వచ్చిందా? మన జిల్లాల్లో అమెరికాలో పిల్లలున్న ఇళ్లు చాలా ఉన్నాయి, వచ్చేటప్పుడు పాత ప్లేయర్ పట్టుకొచ్చేవాళ్లూ ఉన్నారు. అక్కడ కరెంటు 120 వోల్టులు, సెకనుకు 60 సైకిళ్లు (హెర్ట్జ్). ఇక్కడ 230 వోల్టులు, 50 సైకిళ్లు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ తగ్గుతుంది కానీ సైకిళ్లు మారవు. పాత బెల్టు ప్లేయర్లు చాలావాటిలో ఉండే ఏసీ సింక్రనస్ మోటారు వేగం కరెంటు సైకిళ్లను బట్టే ఉంటుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన, రికార్డు పెట్టే పళ్లెం 28 కూడా తిరగదు. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది: షడ్జమానికీ సాధారణ గాంధారానికీ ఎంత దూరమో, శ్రుతి అంత కిందికి దిగుతుంది. టెనర్ శాక్సఫోన్ దానికన్నా మంద్రమైన బారిటోన్‌లా వినిపిస్తుంది.

పళ్లెం అంచున చిన్న కాగితం ముక్క అంటించి ఒక నిమిషం లెక్కపెట్టండి. 28 దగ్గర ఆగితే కారణం ఇదే. ఆ మోడల్‌కు 50 సైకిళ్ల పుల్లీ (మోటారుకు ఉండి బెల్టును తిప్పే చక్రం) దొరికితే మార్చాలి. దొరక్కపోతే, సైకిళ్లు మార్చి ఇచ్చే ప్రత్యేక పవర్ సప్లై కావాలి, అది ఖరీదైన పని. అందుకే ఇంకా తేకముందే అయితే, ప్లేయర్ వెనక ప్లేటు ఫోటో తీసి పంపమని చెప్పండి. 60 సైకిళ్లు అని మాత్రమే రాసి ఉండి, లోపల ఏసీ మోటారు ఉంటే వద్దనండి. అడాప్టర్‌తో నడిచే డీసీ మోటారు, క్వార్ట్జ్ డైరెక్ట్ డ్రైవ్ (బెల్టు లేకుండా మోటారే పళ్లేన్ని తిప్పేవి) రకాలకు ఈ ఇబ్బంది లేదు, వోల్టేజీ సరిపోతే చాలు.

ఇక్కడే ఒక విషయం. ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ 1959 రికార్డు 'కైండ్ ఆఫ్ బ్లూ' పాత ప్రతుల్లో మొదటి వైపు మూడు పాటలూ కాస్త హెచ్చు శ్రుతిలో ఉంటాయి. ఆ రోజు స్టూడియోలో టేపు మిషన్ కొద్దిగా నెమ్మదిగా తిరిగింది, దాంతో సరైన వేగంలో వేస్తే శ్రుతి పైకి పోయింది. 1990లలో వచ్చిన ముద్రణల్లో సరిచేశారు. పాత ప్రతి మీ దగ్గరుంటే మొదటి వైపు విని ప్లేయర్ స్పీడు తగ్గించకండి, రెండో వైపు కుంగిపోతుంది.

పియానో స్వరం నిలవకుండా ఊగుతుంది

శాక్సఫోన్‌లో ఎటూ కొంత కంపనం ఉంటుంది కాబట్టి స్పీడు తేడా దాక్కుంటుంది. పియానోలో దాగదు. ఒక్క మెట్టు నొక్కి వదిలిన చోట చెవి పెట్టండి. ఊగడం ఇంచుమించు ప్రతి రెండు సెకన్లకోసారి ఒకే తీరుగా వస్తుంటే తప్పు రికార్డుదే. నడిమి రంధ్రం సరిగ్గా మధ్యలో పడలేదు. ముల్లు ఉన్న చేయి లోపలికీ బయటికీ ఊగడం కంటికే కనిపిస్తుంది. రంధ్రాన్ని గీకి పెద్దది చేయమని కొందరు చెబుతారు, నేను చెప్పను. ఊగడానికి లెక్కాపత్రం లేకపోతే బెల్టును చూడండి. మన ఎండకాలం రబ్బరుకు మంచిది కాదు, గట్టిపడి సాగిపోతుంది. కొత్త బెల్టు వేయడమే మందు. వాడని రోజుల్లో బెల్టు తీసి నీడలో పెడితే ఎక్కువ కాలం వస్తుంది.

బాస్ లేదు, అంతా పలచగా, సన్నగా ఉంది

రికార్డు కోసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి తారాన్ని పెంచుతారు. లేకపోతే గాళ్లు (ముల్లు నడిచే సన్నటి గీతలు) వెడల్పయిపోయి పక్కదానిలోకి పోతాయి. 1950ల నడుమ నుంచి ఈ పద్ధతికి అందరూ ఒకే కొలత వాడుతున్నారు. దాన్ని తిరిగి సరిచేసేది ఫోనో ప్రీయాంప్ అనే చిన్న సర్క్యూట్. ప్లేయర్ వైరును యాంప్లిఫైయర్‌లో ఆక్స్ (AUX) అని రాసిన చోట పెడితే సరిచేసేవాళ్లు లేరు కాబట్టి డబుల్ బాస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగ వాయిద్యం) మాయమై సింబల్ (డ్రమ్స్‌లోని ఇత్తడి పళ్లెం) ఒక్కటే చిటచిటలాడుతుంది. ఫోనో అని రాసిన చోట పెట్టండి, లేదా చిన్న ప్రీయాంప్ కొనండి. ప్లేయర్‌లోనే ప్రీయాంప్ ఉండి, దాన్ని మళ్లీ ఫోనోలో పెడితే ఉల్టా జరుగుతుంది: ధ్వని మొద్దుబారి పగిలిపోతుంది. ప్లేయర్ వెనక స్విచ్‌ను లైన్ నుంచి ఫోనోకు మార్చండి.

వీటన్నిటి కింద సన్నగా గుయ్‌మనే మోత ఉంటే ముందు ప్లేయర్ గ్రౌండ్ వైరు యాంప్లిఫైయర్‌కు బిగించారో లేదో చూడండి. బిగించినా పోకపోతే ఇంటి ఎర్తింగ్. ఎండకాలంలో ఎర్త్ గుంత ఎండిపోతుంది, నీళ్లు పోయించి ఎలక్ట్రీషియన్‌తో చెక్ చేయించండి.

చిటపట, చిటపట

అందరూ దుబ్బ అనుకుంటారు. దుబ్బ సగమే.

రికార్డును కవర్లోంచి తీస్తుంటే చేతి వెంట్రుకలు లేస్తే అది స్టాటిక్, రాపిడికి పుట్టే కరెంటు. పొడి గాలి వీచే మార్చి నుంచి మే దాకా ఎక్కువ. కార్బన్ ఫైబర్ బ్రష్‌తో, పళ్లెం తిరుగుతుండగా నెమ్మదిగా తుడవండి. లోపలి కాగితపు కవరు తీసేసి యాంటీ స్టాటిక్ కవర్లు వేయండి.

కడిగిన తర్వాత చిటపట ఇంకా పెరిగితే మాత్రం నీళ్లను అనుమానించండి. నల్లగొండ నీళ్లనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, కానీ రికార్డును పాడుచేసేది అది కాదు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. కుళాయి మూతికి, స్టీలు బకెట్ అంచుకు పట్టే తెల్లటి పొర రికార్డు గాళ్లలోనూ పడుతుంది. ట్యూబ్‌లైట్ కింద వాలుగా పట్టుకుని చూస్తే ఆరిన బొట్ల చుట్టూ సన్నటి బూడిదరంగు వలయాలు కనిపిస్తాయి. ముల్లు ఒక్కో వలయాన్ని దాటినప్పుడల్లా ఒక చిటుకు. పియానిస్టు బిల్ ఎవాన్స్ వాయింపు ఆగే చోట, బ్రష్‌లతో డ్రమ్ మెల్లగా రుద్దే చోట అది భరించలేం.

మందు చవకే. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది. యాసిడ్ క్యాన్ కాదని లేబుల్ చూసుకోండి. అందులో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గాళ్ల వెంట గుండ్రంగా తుడవండి, అడ్డంగా వద్దు. తర్వాత వట్టి డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ కడగాలి. ఈ రెండో కడుగుడు మానేస్తే సబ్బు మిగిలి ముల్లుకు జిగురు పడుతుంది. నడిమి లేబుల్‌కు తడి తగలనీయకండి. ఫ్యాన్ కింద కాకుండా నిలబెట్టి ఆరబెట్టండి, ఫ్యాన్ గాలికి దుబ్బ వచ్చి పడుతుంది.

గ్లాసుల చప్పుడు, గుసగుసలు వినిపిస్తే రుద్దకండి. బిల్ ఎవాన్స్ 'వాల్ట్‌జ్ ఫర్ డెబ్బీ' 1961 జూన్ 25న న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్‌లో జనం మధ్య రికార్డయింది. ఆ చప్పుళ్లు అక్కడివి. ఎరోల్ గార్నర్ రికార్డుల్లో పియానో వెనక మూలుగు ఆయన గొంతే. వాటిని పోగొట్టాలనే ఆలోచనే వద్దు, ఆ రోజు ఆ గదిలో కూర్చోబెట్టేవి అవే.

ట్రంపెట్ పైకి వెళ్లగానే గరగర

ముందు ముల్లు. వజ్రపు ముల్లు ఇంచుమించు 500 నుంచి 1000 గంటలు వస్తుంది. రికార్డు చివరికొచ్చే కొద్దీ గరగర పెరిగితే ముల్లు అరిగి ఉండొచ్చు, కార్ట్రిడ్జ్ (ముల్లును పట్టుకునే చిన్న భాగం) వంకరగా బిగించి ఉండొచ్చు. రెండూ సరిగ్గా ఉండి, ఒక్క రికార్డులోనే గరగర ఉంటే ఆ గాడి అరిగిపోయింది. వెనకటి యజమాని బరువైన ముల్లుతో వాయించి ఉంటారు. దానికి మందు లేదు. సూట్‌కేస్ ప్లేయర్లు చాలావాటిలో ఇప్పటికీ ఐదు గ్రాముల దాకా బరువు పడుతుంది, మంచి కార్ట్రిడ్జ్‌కు రెండు గ్రాములు చాలు. బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీ పాత ప్రతి లాంటిది చేతికొస్తే సూట్‌కేస్ ప్లేయర్ మీద పెట్టొద్దని గట్టిగా చెబుతున్నాను.

నడిస్తే ముల్లు ఎగురుతుంది

స్పీకర్లు, ప్లేయర్ ఒకే టేబుల్ మీద ఉండకూడదు. ప్లేయర్ కింద మందపాటి తాండూరు బండ వేయించి, దాని కింద నాలుగు రబ్బరు ముక్కలు పెట్టండి. బండల షాపులో మిగిలిన ముక్క అడిగితే తక్కువకే ఇస్తారు.

రికార్డు వంగింది

ఎండలో ఆపిన కారు లోపల వేడి వినైల్‌ను వంచడానికి చాలు. జడ్చర్లలో భోజనానికి ఆగినా రికార్డులు చేతిలో పట్టుకుని దిగండి. ఇంట్లో పడమటి గోడకు ఆనించకుండా నిలువుగా పెట్టండి, ఒకదానిమీద ఒకటి పేర్చకండి. కొద్దిపాటి వంపుకు ముల్లు తట్టుకుంటుంది. గాజు పలకల మధ్య వేడిచేసి సరిచేసే పద్ధతిలో గాళ్లే చెడిపోయే ప్రమాదం ఉంది.

పాతసామాన్లలో 78 చుట్ల రికార్డులు దొరికితే వాటి సంగతి వేరు. చాలావరకు అవి లక్కతో చేసినవి. ఎల్పీ ముల్లు వాటి గాడికి సన్నం అవుతుంది, 78 ముల్లు వేరే కొనాలి. స్పిరిట్, శానిటైజర్ తగలనీయకండి, లక్క కరిగిపోతుంది.